తలుపు గడియ ఎవరి చేతిలో ఉండాలి?

మాది హోసూరు. ఊరు దాటి కొంచెం దూరం పోతే కర్ణాటక వచ్చేస్తుంది. మా చిన్నాయన లారీ డ్రైవరు. 2017లో జీఎస్టీ రాకముందు రాష్ట్రాల మధ్య పన్ను చెక్‌పోస్టులు ఉండేవి. ఒకసారి రాత్రంతా అక్కడ వరుసలో నిలబడితే లారీలో టమాటాలు సగం పాడైపోయాయంట. "ఈ సరిహద్దులే లేకుంటే ఎంత బాగుండును!" అని ఆయన ఇప్పటికీ అంటాడు.

నేనూ అలాగే అనుకునేదాన్ని. భూటాన్ సంగతి చదివాక ఆలోచనలో పడ్డాను.

2015 జూన్ 15న థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ దేశాలు మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం ఒక దేశం లారీలు, బస్సులు పర్మిట్ తీసుకుని ఇంకో దేశంలోకి నేరుగా పోవచ్చు. ఇండియా, బంగ్లాదేశ్‌ల మధ్య పెట్రాపోల్, బెనాపోల్ దగ్గర ఒక దేశం లారీలో సరుకు దించి ఇంకో దేశం లారీకి ఎక్కిస్తారు. ఆ ఖర్చు, ఆ ఆలస్యం తగ్గుతాయి. అందరికీ లాభమే కదా! కానీ 2016లో భూటాన్ పార్లమెంటు ఎగువసభ దీనికి ఒప్పుకోలేదు. మిగతా మూడు దేశాలు ముందుకు పోవచ్చని 2017లో భూటాన్ చెప్పింది.

ఇది స్వార్థమా? మొదట నాకు అలాగే అనిపించింది. కానీ ఆ దేశ జనాభా సుమారు ఎనిమిది లక్షలే. దేశంలో 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని వాళ్ళ రాజ్యాంగంలో రాసుకున్నారు. మన హైవే మీద వంద లారీలు ఎక్కువైనా మనకు తెలీదు. వాళ్ళ ఇరుకు కొండదారిలో తెలుస్తుంది. పొగ వాళ్ళ కొండలకు, నష్టం వాళ్ళ డ్రైవర్లకు అని భయపడ్డారు.

మరి మా చిన్నాయన మాట తప్పా? కాదు. కానీ తమిళనాడు వాళ్ళు, కర్ణాటక వాళ్ళు ఒకే పార్లమెంటుకు ఓటు వేస్తారు. చెక్‌పోస్టు ఉన్నా, తీసేసినా అక్కడ అడగొచ్చు. భూటాన్ రైతు మన పార్లమెంటుకు ఓటు వెయ్యలేడు. ఆయన అడగగలిగేది తన పార్లమెంటునే. అందుకే చిన్న దేశానికి సార్వభౌమాధికారం అంటే గర్వం ఒక్కటే కాదు, కాపుదల కూడా.

అయితే ఆ పెద్దమాట చాటున కొద్దిమంది తమ లాభమే చూసుకోవచ్చు. పేదవాడు మాత్రం అన్నీ ఎక్కువ ధరకు కొనుక్కోవాలి. ఏది నిజమైన భయమో, ఏది సాకో ఎలా తెలుస్తుంది? నాకు తోచింది ఇది: సభలో అందరి ముందూ కారణాలు చెప్పాలి, పక్కవాళ్ళ దారికి అడ్డం పడకూడదు. భూటాన్ ఈ రెండూ చేసింది. ఇండియాతో 1972 నుంచి ఉన్న వాణిజ్య ఒప్పందాన్ని కూడా వదులుకోలేదు.

ఇదంతా చిన్నాయనకు చెప్పాను. ఆయన విని, "సరే, ఇల్లు వాళ్ళది, గడియా వాళ్ళదే. కానీ బయట ఎండలో నిలబడినోనికి తీస్తారో తియ్యరో తొందరగా చెప్పల్ల గదా!" అన్నాడు.

ఆ మాటా న్యాయమే. గడియ ఇంటివాళ్ళ చేతిలోనే ఉండాలి. బయట నిలబడినవాడికి జవాబు చెప్పే బాధ్యత కూడా వాళ్ళదే.

— పదవ తరగతి విద్యార్థిని, హోసూరు