పోయినవి, తీసేసినవి

తెలుగులో 'పోయింది' అన్న ఒక్క మాటతో చాలా పనులు జరిగిపోతాయి. కరెంటు పోతుంది, పరువు పోతుంది, మనుషులు పోతారు, హార్డ్ డ్రైవులూ పోతాయి. "నా డ్రైవ్ పోయిందిరా" అని ఎవరన్నా ఫోన్ చేస్తే, బస్సులో మర్చిపోయారా, ఎవరైనా కొట్టేశారా, లేక టేబుల్ మీదే ఉండి పలకడం లేదా అన్నది ఇంకో ప్రశ్న అడిగితే గానీ తెలీదు. ఈ క్రియలో ఒక సౌకర్యం ఉంది. ఎవరు చేశారన్నది చెప్పక్కర్లేదు. అదే 'తీసేశాను' అంటే మాత్రం ఒక మనిషి, ఒక నిర్ణయం, బహుశా ఒక కారణం వచ్చి ఎదురుగా నిలబడతాయి.

చుట్టాలకీ స్నేహితులకీ పలకని డ్రైవులు బాగుచేసి పెడుతుంటాను. ఈ రెండు క్రియల మధ్య తేడా ఎంత పెద్దదో ఆ పనిలోనే తెలిసొచ్చింది. డిస్కుకి ఆ తేడా తెలీదు మరి.

ముందు సులువైన సంగతులు చెప్పేస్తాను. కంప్యూటర్ డ్రైవ్‌ని గుర్తించడం లేదంటే చాలాసార్లు డ్రైవ్ తప్పేమీ ఉండదు, కేబుల్ పాడై ఉంటుంది. జేబులో పట్టే 2.5 అంగుళాల డ్రైవులకి కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. నాలుగు పరికరాలు వేలాడుతున్న హబ్బుకి తగిలిస్తే డ్రైవ్ లేచి తిరగడానికి ఓపిక చాలదు. హబ్బు తీసేసి నేరుగా పెట్టాలి. డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టుకి. కేబుల్ మార్చి చూడాలి, వీలైతే ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడాలి. అప్పటికీ లేకపోతే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. డ్రైవ్ అక్కడ కనిపిస్తూ, దానికి 'డీ', 'ఈ' లాంటి అక్షరం మాత్రం లేకపోతే, ఒక అక్షరం ఇస్తే చాలు, సంసారం మొత్తం తిరిగొస్తుంది. టక్... టక్... అని లయగా చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఊడబీకి పక్కన పెట్టేయండి. లోపల చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు. మళ్ళీ మళ్ళీ తగిలించి చూడటమంటే ఉన్నదాన్ని కూడా గీకేసుకోవడమే. డ్రైవ్‌ని ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న సలహా ఇప్పటికీ తిరుగుతోంది. పెట్టకండి.

ఈ రెండు చివరల మధ్యలో ఇంకో స్థితి ఉంది. డ్రైవ్ తిరుగుతుంది, కంప్యూటర్‌కి కనిపిస్తుంది, కానీ లోపలి పద్దుల పుస్తకం చదవడం కంప్యూటర్‌కి చేతకాదు. అప్పుడు విండోస్ చాలా మర్యాదగా, ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. ఇంటి నంబరు చెరిగిపోయింది కాబట్టి ఇల్లు కూల్చి కొత్తది కట్టమంటారా అని మునిసిపాలిటీవాళ్ళు అడిగినట్టుంటుంది నాకు. వద్దు అని నొక్కాలి. అసలు పనీ, నేను చెప్పదలుచుకున్న ఇబ్బందీ ఆ తర్వాతే మొదలవుతాయి.

విండోస్ డ్రైవుల్లో మామూలుగా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకీ ఒక పద్దు ఉంటుంది. పేరు, సైజు, తేదీలు, డిస్కు మీద ఎక్కడుందో అన్నీ అందులో రాసుంటాయి. మనం ఒక ఫైలు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే, ఆ పద్దుకి 'ఇక వాడుకలో లేదు' అన్న గుర్తు పడుతుంది, అది ఉన్న చోటు ఖాళీ కింద లెక్కకొస్తుంది. అంతే. అక్షరాలూ బొమ్మలూ వాటి చోట్లోనే ఉంటాయి, పైన ఇంకేదో వచ్చి పడేదాకా. పద్దుల పుస్తకమే పాడైనప్పుడు వాడే పనిముట్లలో క్రిస్టోఫ్ గ్రెనియె రాసిన ఫోటోరెక్ ఒకటి. ఉచితంగా దొరుకుతుంది. అది పద్దుల జోలికి పోకుండా డిస్కుని ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా చదువుకుంటూ పోతుంది. జేపెగ్ ఫోటో ఏదైనా 'ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్' అన్న బైట్లతోనే మొదలవుతుంది కాబట్టి, అవి కనపడ్డ చోటల్లా ఒక ఫోటో ఉందనుకుని బయటికి లాగుతుంది. పేర్లుండవు, ఫోల్డర్లుండవు. పెళ్ళి ఫోటో, కరెంటు బిల్లు స్కాన్, ఎవరో వాట్సాప్‌లో పంపిన దేవుడి బొమ్మ, అన్నీ ఒకే గుట్టలో, అంకెల పేర్లతో. యజమాని దాచుకున్నవీ అందులోనే, వద్దనుకున్నవీ అందులోనే. ప్రోగ్రాం లెక్కలో రెండూ 'దొరికినవే'.

సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు 158 పాత డ్రైవులు కొని పరీక్షించి, 2003లో ఒక వ్యాసం రాశారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లూ, వైద్యానికి సంబంధించిన కాగితాలూ కూడా దొరికాయి. పాత డ్రైవ్ అమ్మేటప్పుడు జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి ఈ వ్యాసాన్ని ఎప్పుడూ ఉదహరిస్తారు. నాకు మాత్రం అందులో జాగ్రత్త కంటే దిగులు ఎక్కువ కనపడుతుంది. ఆ అమ్మినవాళ్ళలో కొంతమందైనా తమవన్నీ తీసేశామనే అనుకుని ఉంటారు కదా.

ఇక నా దగ్గరికొచ్చిన డ్రైవ్ సంగతి. ఊళ్ళూ వరసలూ మార్చి చెప్తున్నాను. మావయ్య పోయిన మూడు నెలలకి అత్తయ్య కాకినాడ నుంచి ఒక 500 జీబీ డ్రైవ్ పంపించింది. మనవరాలి చిన్నప్పటి ఫోటోలు, రిటైరయ్యాక మావయ్య రాసుకున్న ఊరి జ్ఞాపకాలు అందులో ఉన్నాయట. కేబుల్ మార్చి చూశాను, ఫార్మాట్ చేయమంటారా అన్న ప్రశ్నే వచ్చింది. ఇలాంటప్పుడు అసలు డ్రైవ్ మీద ప్రయోగాలు చేయకూడదు. డీడీరెస్క్యూతో మొత్తం నకలు ఇంకో డిస్కు మీదకి దించుకుని, ఆ నకలు మీద పనిచేయాలి. రెండు రాత్రులు పట్టింది. పద్దుల పుస్తకం ముప్పావు వంతు బతికే ఉంది. ఫోటోలు వచ్చాయి, జ్ఞాపకాలూ వచ్చాయి. వాటితో పాటు ఎర్రరంగులో ఇంకో జాబితా వచ్చింది.

గ్రెనియె రాసిందే టెస్ట్‌డిస్క్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది. డిలీట్ చేసిన ఫైళ్ళని అది ఎర్రగా చూపిస్తుంది. ఆ ఎర్ర జాబితాలో 'పెద్దాడికి' అన్న పేరుతో ఒకటి నుంచి పదకొండు దాకా ఫైళ్ళున్నాయి. తేదీలు చూస్తే రెండేళ్ళ పొడుగునా రాసినవి. పెద్దాడంటే మా పెద్ద బావ. డల్లాస్‌లో ఉంటాడు. తండ్రీకొడుకులకి మాటల్లేవని ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకన్నది ఎవరికీ పూర్తిగా తెలీదు. కర్మకి వచ్చాడు, చేయాల్సినవన్నీ చేశాడు, పదమూడో రోజు దాటగానే వెళ్ళిపోయాడు.

ఒక ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో తెరిస్తే గానీ తెలీదు. పనిమనిషికీ డాక్టరుకీ ఉన్నట్టే బాగుచేసేవాడికీ ఈ చొరవ తప్పదు. ఊరి జ్ఞాపకాలు తెరిచాను, ఫోటోలు తెరిచాను. ఆ పదకొండు తెరవలేదు. మంచితనం అని చెప్పుకోను. పేరు చూస్తేనే సరిపోయింది నాకు.

ఆ ఉత్తరాలు బావకి చేరాలా? రాసిందీ ఆయనే, తీసేసిందీ ఆయనే. చేరాలనేవాళ్ళు మొదటి సగాన్ని పట్టుకుంటారు: పదకొండుసార్లు కూర్చుని రాశాడంటే ఎంత చెప్పాలనుకున్నాడో చూడు, అంటారు. నేను రెండో సగాన్ని పట్టుకుంటాను. కారణం పెద్ద తాత్వికమైనదేమీ కాదు, అది తర్వాత జరిగింది. వీలునామాలు రెండుంటే ఆఖరిది చెల్లుతుంది. పంపని ఉత్తరం మీద అందుకోవాల్సినవాడికి హక్కేమీ పుట్టదు. ఆ హక్కు పోస్టు డబ్బాలో పడ్డ క్షణంలో పుడుతుంది.

ఇలాంటి మాట ఎత్తగానే ఎవరో ఒకరు కాఫ్కాని తెస్తారు. కాల్చేయమని చెప్పి పోయాడు, స్నేహితుడు మాక్స్ బ్రాడ్ కాల్చలేదు, కాబట్టే మనకి ఆ నవలలున్నాయి అని. సాహిత్యం చదివేవాళ్ళకి ఈ వాదం ఎప్పుడూ తీపే, ఎందుకంటే లాభం మనది. కానీ బ్రాడ్ చేసింది వేరే. ఆయన ఒక మాట వినలేదు, అంతే. కాఫ్కా బతికుండగా తనే కాల్చేసుకున్న కాగితాలు చాలా ఉన్నాయి, వాటి బూడిదలోంచి అక్షరాలు వెనక్కి లాగే పనిముట్టు బ్రాడ్ దగ్గర లేదు. నా లాప్‌టాప్‌లో ఉంది. మా నాయనమ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టె తెరిస్తే, అందులో ఉన్నది ఆవిడ ఉంచుకున్నదే. పొయ్యిలో వేసినవి ఆ పెట్టెలోకి తిరిగి రాలేదు. పెట్టె తెరిచేవాళ్ళకి ఏ ధర్మసంకటమూ లేకుండా పొయ్యి చూసుకుంది.

చట్టం దగ్గరికెళ్ళినా పెద్దగా దొరకదు. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి పోతే తన తరఫున హక్కులు వాడుకోవడానికి ఒక నామినీని పెట్టుకోవచ్చంటుంది. కానీ ఎవరైనా సొంతానికో ఇంటి అవసరానికో చేసుకునే పనుల్ని ఆ చట్టమే తన పరిధిలోంచి తప్పించింది. అత్తయ్యకీ నాకూ మధ్య జరిగేది మా తలనొప్పే.

తీసేయడం పవిత్రమైనదని నేను అనడం లేదు. కట్టుకున్నదాన్ని కొట్టి, ఆ ఫోటోలు చెరిపేసినవాడు 'అవి నేను వద్దనుకున్నవి' అంటే వినక్కర్లేదు. ఇంకొకరికి చేసిన అన్యాయానికి సాక్ష్యాన్ని చెరిపే హక్కు ఎవరికీ లేదు. అలాంటిదేమీ లేనప్పుడు నేను పెట్టుకున్న గీత ఇది: డ్రైవ్ ఆఖరిసారి పలికిన రోజున ఎలా ఉందో అలా తిరిగివ్వడం బాగుచేయడం. అది దాటితే తవ్వకం. తవ్వడానికి వేరే కారణం కావాలి, అడగాల్సిన మనుషులూ వేరు.

సరే, అత్తయ్యని అడుగుదామంటే, అడగడంలోనే చెప్పేయడం ఉంది. 'మావయ్య పెద్దాడికి రాసి తీసేసిన ఉత్తరాలు ఇవ్వనా' అన్నాక ఆవిడ వద్దన్నా ఏం లాభం? ఆ రాత్రి నుంచి ఆవిడకి నిద్ర ఉండదు. అందుకని పైపైనే అడిగాను. "అత్తయ్యా, ఇందులో మావయ్య ఉంచుకున్నవి ఉన్నాయి, తీసేసినవీ వస్తున్నాయి. ఏం చేయమంటావ్?"

"తీసేసినవి కూడా వస్తాయేంట్రా?" అంది.

వస్తాయన్నాను.

"ఆయన వద్దనుకున్నవి నాకెందుకు నాన్నా." కాసేపాగి తనే మళ్ళీ అందుకుంది. "అయినా మీ మావయ్యకి డిలీట్ కొట్టడం సరిగ్గా వచ్చేదా ఏంటి? మేం కాశీ వెళ్ళిన ఫోటోలన్నీ ఓసారి తీసేసి కూర్చున్నాడు. వారం రోజులు అన్నం సహించలేదు ఆయనకి."

కాశీ ఫోటోలు కూడా ఎర్ర జాబితాలోనే ఉన్నాయి. ఇచ్చాను. నా గీత అక్కడ ఒకసారి వంగింది, నేనే వంచాను. వేలు జారి తీసేయడం తీసేయడం కాదు, 'పోవడం' కిందే లెక్క. దానికి బాధపడ్డ మనిషి ఉన్నాడు, ఆ బాధ చూసిన సాక్షి ఉంది. ఉత్తరాలకి అలాంటి సాక్షి లేదు. అవి ఉన్న ఫోల్డరులో మిగతా ఫైళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయి, ఆ పదకొండే లేవు. వేలు అంత ఎంచుకుని జారదు.

కొత్త డ్రైవ్‌లో అన్నీ సర్ది పంపించాను. నా దగ్గరున్న నకలు తీసేశాను, మామూలుగా తీసేయడం అంటే ఏంటో తెలుసు కాబట్టి దాని మీద సున్నాలు రాసి మరీ. పాత డ్రైవ్ మాత్రం అత్తయ్య వెనక్కి పంపమంది. ఆయన చేతి వస్తువని. దాన్ని సుత్తితో కొట్టేయమని చెప్పొచ్చు, చెప్పలేదు. ఆయన సగంలో వదిలిన చెరపడాన్ని పూర్తిచేయడం కూడా నా పని అనిపించలేదు. అదిప్పుడు కాకినాడలో బీరువాలో, పొలం కాగితాల పక్కన ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఓపికున్న ఎవరికైనా రెండు రాత్రుల పని.

బావ నన్ను నేరుగా అడిగితే ఏం చెప్తానన్నది ఇంకా తేలలేదు. అడగాలంటే ముందు అతనికి అలాంటివి ఉన్నాయని తెలియాలి కదా అనుకుంటాను. అది తప్పించుకోవడమేనని నాకూ తెలుసు.