వేషం వేస్తే అబద్ధం ఆడినట్టేనా?

మా అమ్మ లగేజ్ ఆటో నడుపుతుంది. తెల్లవారుజామున మూడింటికే దేవనహళ్ళి నుంచి చిక్కబళ్ళాపురం మార్కెట్‌కు పూలమూటలు వేసుకొని పోతుంది. ఆ వేళప్పుడు నాయన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, కొప్పు చుట్టి, మంకీ క్యాప్ పెట్టుకుంటుంది. దూరం నుంచి చూస్తే మగమనిషే. "ఆడమనిషని తెలిస్తే ఒక్కొక్కడు ఒక్కో రకంగా చూస్తాడు, ఎందుకొచ్చిన గొడవ" అంటుంది.

ఒకరోజు వచ్చేసరికి లేటయి, అదే వేషంలో నన్ను బడి గేటు దగ్గర దించింది. "ఎవరే ఆయన?" అని నా స్నేహితురాలు అడిగింది. నేను "మా మామ" అనేశాను. అమ్మ విన్నదో లేదో తెలియదు, ఆటో తిప్పుకొని వెళ్ళిపోయింది.

ఆ వారమే మా తెలుగు సార్ రుద్రమదేవి గురించి చెప్పారు. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను రుద్రదేవుడనే మగపేరుతో సింహాసనం ఎక్కించాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మగవేషంలోనే కొలువు తీర్చేదని చెబుతారు. క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఇది మోసం కాదా అనిపించింది.

చాలా ఆలోచించాను. అబద్ధమంటే ఎదుటివాడికి దక్కాల్సింది దక్కకుండా చేయడం. ప్రజలకు దక్కాల్సింది మంచి పాలన. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వస్తే ఆమె తరిమికొట్టింది. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో కూడా, ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలిందనే రాశాడు. అంటే ఎక్కడినుంచో వచ్చిన పరదేశికి కూడా ఆమె ఆడదని తెలుసు! అందరికీ తెలిసిన వేషం ఎవరిని మోసం చేస్తుంది?

జపాన్ వాళ్ళ పాత గ్రంథం కొజికి 712లో రాశారు. అందులో యమతో తకెరు అనే రాజకుమారుడు ఆడపిల్ల వేషంలో శత్రువుల విందుకు పోయి వాళ్ళను చంపుతాడు. అది మోసమే, నమ్మించి చంపడం. మన విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పాడు, ఎవరికీ కీడు చేయలేదు. చీర, చొక్కా అన్నది కాదు, ఆ వేషం వేసుకొని ఏం చేశారన్నదే చూడాలని నాకు అప్పుడు అనిపించింది.

ఈ మాట క్లాసులో చెబితే వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మగపేరు పెట్టుకుందంటే, ఆడది రాజ్యం ఏలకూడదన్న మాటను ఒప్పుకున్నట్టే కదా? తన తర్వాత కూతురు ముమ్మడమ్మకు ఇవ్వలేదు, ఆమె కొడుకు ప్రతాపరుద్రుడికే కదా ఇచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. అమ్మ ఖాకీ చొక్కా వేసుకున్నంత కాలం రోడ్డు మీద ఎవరూ మారాల్సిన పనిలేదు, అది నిజమే. కానీ అమ్మ మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. రోడ్డు మారేదాకా ఆగమని ఆమెకు చెప్పే హక్కు నాకుందా? రుద్రమ కూడా సామంతులంతా మారేదాకా ఆగి ఉంటే ఓరుగల్లు ఏమయ్యేదో.

ఒకటి మాత్రం తేలింది. అమ్మ వేషంలో అబద్ధం లేదు, ఆమె నిజంగానే ఆటో నడిపింది, నిజంగానే పూలు చేర్చింది. అబద్ధం నా నోట్లోంచి వచ్చింది. అదీ భయంతో కాదు, నామోషీతో.

మరుసటి రోజు ఇంటర్వెల్‌లో స్నేహితురాలిని పక్కకు పిలిచి చెప్పాను. "ఆ రోజు వచ్చింది మామ కాదే, మా అమ్మ."

"తెలుసులే," అంది తను, పల్లీలు నములుతూ. "హ్యాండిల్ మీద గాజులు కనపడ్డాయి."