తాళం ఎవరి చేతిలో?

నా ఫోన్‌లో ప్లేస్టేషన్ 2 ఆటలు నడిచాయంటే ఈథర్‌ఎస్‌ఎక్స్2 పుణ్యమే. ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్2 మీద కట్టిన యాప్ అది. పూర్తి సోర్స్ మాత్రం డెవలపర్ దగ్గరే ఉండేది. చంపేస్తామన్న బెదిరింపులతో విసిగి, 2023 జనవరిలో ఆ డెవలపర్ పని ఆపేశారు. నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. పైసా ఇవ్వకుండా వాడుకున్నవాణ్ణి, కోపమేంటి నాకు?

పీఎస్‌పీ ఆటలాడించే పీపీఎస్‌ఎస్‌పీపీ 2012 నుంచీ ఓపెన్ సోర్స్. గోల్డ్ వెర్షన్ అమ్ముతారు, కోడ్ మాత్రం అందరిదీ. రాసేవాళ్లు అలిసిపోతే ఇంకొకరు అందుకోవచ్చు.

కోడ్ తెరవడం మనమీద దయ అనుకునేవాణ్ణి. రాసేవాళ్లకీ అది విడుదలేనని ఇప్పుడనిపిస్తోంది. తాళం ఒక్కరి దగ్గరే ఉంటే ఊరంతా ఆ ఒక్క తలుపే బాదుతుంది. సరే, తాళం వాళ్లదే అయినా, బాదే హక్కు మనకెవరిచ్చారు?