చిత్తవృత్తియు చికిత్సయు

రోగము శరీరమునకు మాత్రమే చెందినది కాదని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి. శరీరము, మనస్సు అను రెండును వ్యాధులకు ఆశ్రయములని చరకసంహిత చెప్పుచున్నది. కురుక్షేత్రమున అర్జునుడు తన వాదమును వినిపించుటకు ముందు, నోరెండుట, మేను వణకుట, చర్మము మండుట, గాండీవము చేజారుట మొదలగు దేహచిహ్నములనే శ్రీకృష్ణునకు విన్నవించుకొనెను. విషాదము మనస్సులో పుట్టి మేనిలో కనబడుట అందరకును అనుభవమే.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. చిత్తవృత్తులన్నియు రోగలక్షణములేనా? కోపము, అసూయ, కృతఘ్నత అనునవి మందుతో పోవు జబ్బులా? లేక మనుష్యుడు తానే బాధ్యత వహింపవలసిన దోషములా?

ఈ ప్రశ్న హోమియోపతి వైద్యమున స్పష్టముగా ఎదురగుచున్నది. ఆ విధానమును స్థాపించిన జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ (1755–1843), మందు నిర్ణయించుటలో రోగి మనఃస్థితియే తరచుగా ప్రధానమగునని తన ‘ఆర్గనాన్’ గ్రంథమున వ్రాసెను. 1897లో వెలువడనారంభించిన కెంటు మహాశయుని లక్షణకోశమున మొదటి ప్రకరణము మనస్సును గూర్చినదే. దుఃఖమును లోలోపల దిగమ్రింగి నిట్టూర్చువారికి ఇగ్నేషియా, కన్నీరు పెట్టుకొని ఓదార్పుతో ఊరట చెందువారికి పల్సటిల్లా, ఓదార్చినకొలది మరింత బాధపడువారికి ఉప్పునుండి చేసిన నేట్రం మూర్ అని వారి సంప్రదాయము. దుఃఖము ఒక్కటియే, దుఃఖించు తీరు వేరు గనుక మందు వేరు.

ఈ పద్ధతిలో ఒక సుగుణము కలదు. వైద్యుడు రోగి దుఃఖమును అడిగి, ఓపికతో వినును. అయితే విచారణ మంచిదైనంత మాత్రమున మందు పనిచేసినట్లు కాదు. ముప్పదవ పొటెన్సీ అనగా, నూరింట ఒక వంతు చొప్పున ముప్పదిమార్లు పలుచన చేసినది. అందు మూలపదార్థపు కణమొక్కటైనను మిగులుటకు అవకాశము లేదనవచ్చును. ఆస్ట్రేలియా దేశపు జాతీయ వైద్యపరిశోధన మండలి అనేక పరిశోధనలను పరిశీలించి, ఏ వ్యాధికైనను హోమియోపతి ఫలప్రదమనుటకు నమ్మదగిన ఆధారము లేదని 2015లో ప్రకటించెను. ఊరట కలిగినచో, అందు ఆలకించిన చెవికి దక్కవలసిన భాగమెంతయో ఆలోచింపవలెను.

హానిమన్ జీవితముననే ఇందుకు నిదర్శనము కలదు. ఆయన తన నూతన సూత్రమును 1796లో ప్రకటించెను. అంతకు నాలుగేండ్లు ముందే, 1792లో, గేయోర్గెంతాల్ అను ఊరిలో, తీవ్రమైన ఉన్మాదమునకు లోనైన హానోవర్ ఉద్యోగి ఒకనిని తన సంరక్షణలోనికి తీసికొనెను. పిచ్చివారిని కొట్టుట, కట్టివేయుట పరిపాటియైన ఆ దినములలో ఆయన దండనను వర్జించెను. సూత్రముకంటె ముందు దయ వచ్చినది.

మరియొక విశేషమును ఆయనయే గ్రంథస్థము చేసెను. దీర్ఘరోగముతో బాధపడునప్పుడు సాధువులై యుండు కొందరు, రోగము తగ్గగానే మరల కృతఘ్నులు, క్రూరులు అగుదురట. అవి వారికి ఆరోగ్యకాలమున ఉన్న గుణములేనట. ఆరోగ్యవంతులై యున్నప్పుడు శాంతులైనవారు రోగమున మొండివారు, ముక్కోపులు అగుదురని కూడ వ్రాసెను. దీనిని బట్టి ఏమి తేలుచున్నది? ఆరోగ్యము వేరు, సద్గుణము వేరు. వ్యాధి నయమగుట వలన మనుష్యుడు తన పూర్వస్థితికి మాత్రమే వచ్చును. ఆ స్థితి మంచిదగునట్లు చేసికొనుట అతని పని.

కావున గృహస్థులు పాటింపదగిన వివేకమిది. మంచమున పడిన తల్లి విసుగుకొన్నచో దానిని రోగలక్షణముగా నెంచి సహింపవలెను. తన కోపము విషయమున మాత్రము “నా తత్త్వమే ఇంత” అని తప్పించుకొనరాదు. ఇతరుల యందు లక్షణమును, తన యందు దోషమును చూచుట ధర్మము.

ఇందు ఒక మినహాయింపు కలదు. వారములు గడచినను వీడని నిరాశ, నిద్రలేమి, బ్రతుకు మీద విరక్తి తనకు కలిగినప్పుడు దానిని దోషముగా నెంచి లోలోపల కుమిలిపోరాదు. అది భక్తి చాలక వచ్చినది కాదు. జ్వరము వంటి వ్యాధియే. అట్టివారిని మందలించుట, మాత్రలపొట్లముతో కాలయాపన చేయుట, వైద్యుడు వ్రాసిన మందును మాన్పించుట అపాయకరము. మానసిక వైద్యుని ఆశ్రయింపవలెను. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా పొందవచ్చును.

మనోవ్యాధులకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి ఔషధములని చరకుడు చెప్పెను. కాని మునిగిపోవుచున్నవాడు వీనిని ఒంటరిగా అందుకొనలేడు. ముందుగా ఒకరు అతని ప్రక్కన కూర్చుండి చెప్పునది వినవలెను. గీతలోని ఉపదేశమైనను అర్జునుడు తన బాధనంతయు చెప్పుకొన్న పిమ్మటనే ఆరంభమైనది గదా!