మరమ్మతు తర్వాతా అదే కిన్నెరా?

వాయిద్యాన్ని బాగుచేయడమంటే పాడైన భాగాలు తీసి వేరేవి పెట్టి, మిగిలినవాటిని మళ్ళీ శ్రుతికి తేవడం. ఎన్ని భాగాలు మార్చేవరకు అది పాత వాయిద్యమే, ఎక్కడ దాటితే కొత్తది అన్నది పనివాడి బల్ల మీద రోజూ ఎదురయ్యే ప్రశ్న. నైయాయికులు, బౌద్ధులు వందల ఏళ్ళు వాదించుకున్న ప్రశ్న కూడా ఇదే. పాలమూరు, నల్లగొండ నేలలో దీనికి చేతికందే ఉదాహరణ పన్నెండు మెట్ల కిన్నెర.

కిన్నెరకు వెన్నెముక వెదురు బొంగు. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు కడతారు. పాలమూరులో ఆ కాయను ఆనిగెపుకాయ అంటారు. తీగ కంపనను పెద్దది చేసి వినిపించేవి ఆ బుర్రలే. బొంగు మీద మెట్లను తేనె మైనంతో నిలబెడతారు. పూర్వం తీగకు నరమో వెంట్రుకో వాడేవారు, ఇప్పుడు లోహపు తీగ వాడుతున్నారు. మెట్లకు అలుగు పొలుసులు, అలంకారానికి నెమలీకలు, అద్దాలు. చెట్టు, తీగ, జంతువు, పురుగు అన్నీ కలిస్తే ఒక వాయిద్యం. అంటే ఎండకు పగిలేది, వానకు ఉబ్బేది, చీడకు తినబడేది అన్నీ అందులోనే ఉన్నాయి. తేనె మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల మధ్య, కానీ 40 దాటినప్పటి నుంచే మెత్తబడుతుంది. నల్లగొండ ఎండాకాలం ఆ గీతను అలవోకగా దాటిపోతుంది. మైనం మెత్తబడితే మెట్టు పట్టు సడలుతుంది, స్వరం జారుతుంది. కాబట్టి కిన్నెరకు మరమ్మతు ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, దాని బతుకులో భాగం.

ఈ వాయిద్యాన్ని తరతరాలుగా మోసింది డక్కలి కళాకారులు. మాదిగలను ఆశ్రయించి బతికే ఆ కులంవారు జాంబపురాణం చెప్పడంతో పాటు కిన్నెర మీద వీరుల కథలూ పాడారు. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టాడని పాలమూరు చెప్పుకునే పండుగ సాయన్న కథ వాటిలో పేరుపొందింది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య ఈ కిన్నెరను దేశానికి వినిపించాడు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో వచ్చే గొంతు ఆయనది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

మెట్ల సంగతి దగ్గర చట్టం అడ్డు వస్తుంది. అలుగు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని చంపడం, దాని పొలుసులు అమ్మడం నేరం. ఒక మెట్టు ఊడి పోతే తాత పెట్టిన పదార్థంతోనే తిరిగి పెట్టే దారి మూసుకుపోయింది. మూసుకుపోవడమే న్యాయం కూడా. మరి వేరే పదార్థంతో మెట్టు పెట్టినది కిన్నెర కాకుండా పోతుందా? పదమూడో శతాబ్దంలో దేవగిరి ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం కిన్నరీ వీణకు రాబందు ఎముకనూ చెప్పింది, లోహాన్నీ చెప్పింది. మెట్టు ఏ పదార్థంతో ఉండాలన్నది ఏనాడూ ఒకటిగా స్థిరపడలేదు. స్థిరంగా ఉన్నది మెట్టు నిలిచే చోటు.

ఈ ప్రశ్నకే ఎదుటి కొసన ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ఉంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో జాజ్ బేస్‌ను తెచ్చాడు. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం, మొదటిదానికి ఆ పేరు మెట్ల వల్లే వచ్చింది. అంతవరకు నిలబడి వాయించే పెద్ద బేస్‌కు మెట్లు లేవు, స్వరస్థానం వేలి అంచనా మీద ఆధారపడేది. దీనికి 34 అంగుళాల తీగలు నాలుగు, లోహపు మెట్లు. అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఇక్కడ బుర్ర పని చేసేది పికప్: అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. ఉక్కు తీగ కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. తెలంగాణ చర్చి గాయక బృందాల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వినిపించే బేస్ గిటార్లూ ఈ వంశానివే.

పాత బేస్ మంచం ఎక్కడానికి కారణాలు చాలానే ఉన్నా, పనివాడి వరుస దాదాపు ఒకటే. తీగల లాగుడుకు మెడ వంగితే లోపలి ట్రస్ రాడ్‌ను పావు తిప్పు చొప్పున బిగించి, చెక్క సర్దుకునేదాకా ఆగుతాడు. తర్వాత తీగల ఎత్తు చూస్తాడు. ఆపైన పన్నెండో మెట్టు మీద తీగను ఊరికే తాకితే వచ్చే స్వరాన్నీ, అదే మెట్టు మీద నొక్కితే వచ్చే స్వరాన్నీ పోల్చుతాడు. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి జరిపి తీగ పొడవు పెంచుతాడు, తగ్గుగా ఉంటే ముందుకు. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరలాడితే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము. శుభ్రం చేస్తే చాలాసార్లు పోతుంది, కార్బన్ పట్టీ అరిగితే మార్చాలి. ఎడతెగని గుంయిమనే మోత వస్తే గ్రౌండ్ వైరు టంకం ఊడిందేమో చూస్తాడు. ఆ మోత మన కరెంటుకు 50 హెర్ట్జ్, అమెరికాలో అయితే 60. పికప్‌లో రాగి తీగ తెగితే తిరిగి చుట్టడం ఒక్కటే దారి.

తత్వం ఇక్కడే మొదలవుతుంది. పాత బేస్‌లు కొనేవారు పొటెన్షియోమీటర్ వెనక అచ్చయిన అంకెలు చదువుతారు. 1376620 అని ఉంటే 137 తయారుచేసిన సంస్థ గుర్తు, 66 సంవత్సరం, 20 వారం. ఆ భాగం మీది టంకం ఎవరూ కదపలేదని తేలితే ధర పెరుగుతుంది, రంగు మళ్ళీ వేసి ఉంటే పడిపోతుంది. గరగరలాడే పాత పొటెన్షియోమీటర్‌ను తీసి బాగా పనిచేసే కొత్తది పెట్టినవాడు వాయిద్యాన్ని బాగుచేసినట్టా, చెడగొట్టినట్టా? వాయించేవాడికి బాగయింది, దాచుకునేవాడికి చెడింది. ఒకరికది పనిముట్టు, ఇంకొకరికది 1966కు సాక్షి. సాక్షి మాట మార్చకూడదు, పనిముట్టు పని ఆపకూడదు. కిన్నెరకు ఈ చీలిక దాదాపు లేదు. మైనం ఎవరూ ముట్టలేదని గర్వపడే కిన్నెర ఉంటే అది పాట లేని కిన్నెరే అయ్యుంటుంది.

నైయాయికులు, వైశేషికులు దీనికి ఇచ్చిన జవాబు మొహమాటం లేనిది. వారి మతంలో అవయవి, అంటే మొత్తం వస్తువు, అవయవాల కుప్ప కాదు. వాటిలో నిలిచే వేరే వస్తువు. దారాలు వస్త్రానికి సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం. కలయిక చెడితే వస్త్రమూ నశిస్తుంది. ఒక దారం లాగేస్తే మిగిలేది పాత వస్త్రం కాదు, అప్పుడే పుట్టిన ఖండపటం. ఈ లెక్కన తీగ మార్చిన ప్రతిసారీ కొత్త కిన్నెర పుడుతుంది. "ఇది అదే" అన్న గుర్తింపు మాత్రం దీపజ్వాలను చూసి ఇందాకటి జ్వాలే అనుకున్నట్టు, పోలిక వల్ల కలిగేది. తర్కంగా ఇది గట్టిది, వాడుకకు మాత్రం పొసగదు. తీగ మారింది కాబట్టి కొత్త వాయిద్యం ఖరీదు ఇవ్వమంటే ఏ కొనుగోలుదారూ ఒప్పుకోడు.

బౌద్ధులు ఇంకో వైపు నుంచి వచ్చారు. మిళిందపన్హాలో నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుణ్ణి ఏ రథమెక్కి వచ్చావని అడిగి, ఇరుసు రథమా, చక్రం రథమా అని ఒక్కొక్కటే కాదనిపిస్తాడు. రథం అనేది ఆ భాగాల అమరికకు పెట్టుకున్న పేరు. సంయుత్తనికాయంలోని వీణ కథ వాయిద్యాలకు ఇంకా దగ్గర. వీణానాదం విని మురిసిన రాజు ఆ నాదాన్నే తెమ్మంటాడు. వీణ తెస్తే వీణ వద్దు, నాదం కావాలంటాడు. వీణను చీల్చి, ముక్కలు చేసి, కాల్చి బూడిద చేసినా నాదం దొరకదు. పికప్ విప్పి అందులో బేస్ ధ్వని వెతికేవాడి గతీ అంతే. ఉమ్మడి నల్లగొండ సరిహద్దున కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. సంప్రదాయం ఆ కొండకు నాగార్జునుడి పేరు పెట్టింది. మూలమధ్యమకకారికలో ఆయన వాదం ఈ దారినే చివరిదాకా తీసుకెళ్ళింది: ఇతరాల మీద ఆధారపడి నిలిచేదానికి సొంత స్వభావం ఉండదు, అయినా వ్యవహారంలో దాని పని అది చేస్తుంది. కిన్నెరకు ఈ మాట అతికినట్టు సరిపోతుంది. వెదురు, బుర్ర, మైనం, చెవి, ఊరు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నంతసేపే అది కిన్నెర.

పేరే అయితే పేరు ఎవరికి దక్కాలన్న చిక్కు మిగులుతుంది. ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడకు పలకలన్నీ ఒక్కొక్కటిగా మారాయి. 1655లో హాబ్స్ దానికి ఒక మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవరైనా దాచి మళ్ళీ ఓడగా కూరిస్తే అసలు ఓడ ఏది? పాత బేస్‌ల బజారులో ఇది ఊహ కాదు. ఒక బేస్‌ను విప్పి మెడ ఒకరికి, పికప్ ఒకరికి, బ్రిడ్జి మరొకరికి అమ్మడం, వేర్వేరు బేస్‌ల పాత ముక్కలు కూర్చి పాతదని అమ్మడం రెండూ ఉన్నాయి.

ఆగమాల దారి వేరు. గుడి జీర్ణమైతే జీర్ణోద్ధారణ చేయాలి. ఉలి తాకకముందే దేవుడి కళను కలశంలోకి ఆకర్షించి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో నిలిపి, పని అయ్యాక తిరిగి తెస్తారు. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్టలో 2016 ఏప్రిల్‌లో బాలాలయం మొదలైంది, నల్లరాతి కొత్త కట్టడంలో 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ తర్వాత దర్శనం తిరిగి మొదలైంది. దేవుడున్న గుహ చుట్టూ కట్టడమంతా మారింది. ఇది కొత్త దేవుడని ఏ భక్తుడూ అనలేదు. ఇక్కడ "అదే" అన్నది రాతిలో లేదు, ఆకారంలోనూ లేదు. తెగకుండా జరిగిన సేవలో ఉంది.

తలకిందుల ఉదాహరణ అలంపురంలో ఉంది. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని దాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. రాళ్ళు అవే, అమరిక అదే. పేరులో ఉన్న సంగమం మాత్రం వెంట రాలేదు. భాగాలు మార్చకుండా కూడా ఒక వస్తువు ఏదో పోగొట్టుకోగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

బాలాలయం పద్ధతికీ మంచి మరమ్మతు పద్ధతికీ పోలిక ఉంది. విప్పకముందే ఏది నిలబెట్టాలో తేల్చుకోవడం రెండింటిలోనూ మొదటి పని. "అదే" అన్నది వస్తువులో దొరికే గుణం కాదు, బాగుచేసేవాడు తలకెత్తుకునే బాధ్యత. ఒట్టి పేరని కొట్టిపారేయడానికీ లేదు, ఎందుకంటే ఈ బాధ్యతలో ఓడిపోవడం కూడా ఉంది. మెట్టు చోటు తప్పితే పండుగ సాయన్న పాట ఆ కిన్నెర మీద పలకదు, పేరేదైనా సరే. పాత బేస్‌ల దగ్గర జాగ్రత్తగల పనివాళ్ళు రెండు బాధ్యతలనూ ఒక చిన్న ఉపాయంతో మోస్తారు: తీసిన పొటెన్షియోమీటర్‌ను, స్క్రూలను ఒక కవరులో పెట్టి పెట్టెలోనే ఉంచుతారు. వాయిద్యం మోగుతుంది, సాక్షి కవరులో ఉంటాడు.

కిన్నెరకు అలాంటి కవరు పనికిరాదు. బేస్ మెట్లకు గాళ్ళు లెక్క ప్రకారం ముందే కోస్తారు. తీగ సగం పొడవు దగ్గర పన్నెండోది, మిగిలినవి దాని నిష్పత్తిలో. మైనంతో నిలిపే మెట్లకు దారి వేరు. వీణకు మేళం కట్టేవాడు 24 మెట్లనూ మెత్తని మైనంలో కాస్త అటూ ఇటూ జరుపుతూ, మీటి వింటూ, స్వరం కుదిరాక వదిలేస్తాడు. ఆ చోట్ల కొలత ఏ కాగితం మీదా ఉండదు, అతని చెవిలో ఉంటుంది. కిన్నెరలో మార్చడానికి వీల్లేని భాగం కూడా అదే, దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే పక్కన కూర్చోబెట్టుకుని మీటి వినిపించాల్సిందే.