బక్షీసూ బాకీ

హోటల్లో బేరర్ పని చేసినవాళ్ళు మాలో ప్రతి ఇంట్లో ఉన్నారు. మేం చెయ్యకపోతే మా అబ్బా చేశాడు, మామూ చేశాడు, పక్కింటి భాయ్ చేశాడు. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళ టేబుళ్ళ మధ్య ఒక్క చేత్తో నాలుగైదు చాయ్ సాసర్లు మోస్తూ మీసాలొచ్చినవాళ్ళం మేం. ఎవరేం తిన్నారో కాగితం లేకుండా గుర్తుంచుకుని, గల్లా దగ్గర కూర్చున్న సేఠ్‌కి లెక్క కేకేసి చెప్పేవాళ్ళం. లెక్క తప్పితే మా జీతంలోనే కోత.

రాత్రి షట్టర్ దించి ఇంటికెళ్తే అమ్మీ జీతం సంగతి అడిగేది కాదు. "ఆజ్ కిత్నా మిలా?" అనేది. జీతం నెలకోసారి వచ్చి ఇంటి కిరాయికీ కిరాణా బాకీకీ పోయేది. రోజూ మా పొయ్యి వెలిగించింది సోంపు పళ్ళెంలో మిగిలిన చిల్లరే. అందుకే టిప్పును తిట్టిపోయడానికి మాకు నోరు రాదు. దాని ఉప్పు తిన్నాం.

కానీ ఆ చిల్లర ఎట్లా వస్తుందో కూడా మాకే తెలుసు. "ఏయ్ సాయిబూ" అని పిలిచినా నవ్వాలి. రంజాన్‌లో రోజా ఉండి, ఎండిన నాలుకతో పగటిపూట బిర్యానీ వడ్డిస్తుంటే "చెయ్యి ఆడదేం" అని కసిరినా నవ్వాలి. ఆ కసిరిన మనిషే లేస్తూ లేస్తూ పది రూపాయలు పడేస్తే సలాం చెయ్యాలి. ఆ పది రూపాయలు దేనికి? మా పనికా? మా నవ్వుకా? వంగిన మా మెడకా?

బక్షీసు పారశీకం నుంచి వచ్చిన మాట. హక్కు, బాకీ అరబ్బీ నుంచి వచ్చాయి. మూడూ తెలుగువాళ్ళ నోట తెలుగు మాటలే అయిపోయాయి. బక్షీసు ఇచ్చేవాడి దయ. బాకీ పుచ్చుకునేవాడి హక్కు. తేడా ఇంత తేటగా ఉన్నా, మా దగ్గరికొచ్చేసరికి బాకీకి బక్షీసని పేరు పెడతారు. హోటల్లోనే కాదు. మా బస్తీకి ఒక బడి వచ్చినా, మా పిల్లలకు ఒక స్కాలర్‌షిప్పు వచ్చినా బుజ్జగింపు అంటారు. అందరిలా పన్నులు కట్టే మాకు రావాల్సింది బుజ్జగింపు ఎట్లా అవుతుంది?

ఇది మా ఒక్కరి కథ కాదు. అమెరికాలో బానిసత్వం పోయాక పుల్‌మన్ కంపెనీ తన రైలు పెట్టెల్లో పోర్టర్లుగా నల్లవాళ్ళను పెట్టుకుంది. జీతం తక్కువ. బతుకు టిప్పుల మీద. ప్రయాణికులు వాళ్ళందరినీ ఒకటే పేరుతో పిలిచేవాళ్ళు: జార్జ్. అది యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు. ఆ పిలుపు గురించి చదివినప్పుడు మా చెవుల్లో "సాయిబూ" అనే వినిపించింది. 1925లో ఆ పోర్టర్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం కట్టారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. వాళ్ళడిగింది టిప్పు పెంచమని కాదు. జీతం పెంచమని, పనిగంటలు తగ్గించమని.

మమ్మల్ని మేమూ అడుక్కోవాలి. సేఠ్‌లలో మావాళ్ళూ ఉన్నారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త మాట మేం చిన్నప్పట్నుంచి వింటున్నదే. గల్లా వెనక గోడకు ఆయతుల ఫ్రేము తగిలించుకుని, జీతం పెంచమంటే "టిప్పులొస్తున్నాయిగా" అనే సేఠ్‌కి ఆ మాట గుర్తు రాదేం? శుక్రవారం మసీదు మెట్ల మీద ఖైరాత్ చేసే మేం, పని చేసినవాడికి కూడా ఖైరాత్ చేసినట్టే ఎందుకు ఇస్తున్నాం?

ఇంకో మాట. టేబుల్ మీది చిల్లర జేబులో వేసుకున్న మేం, వెనకాల అంట్లు తోమే ఆమెకు ఎంతిచ్చాం? ఎప్పుడో పండక్కి తప్ప ఇవ్వలేదు. ఆమె తోమకపోతే మేం వడ్డించేది దేంట్లో? పనికే విలువ కడితే అందులో ఆమెకూ వాటా రావాలి. కళ్ళెదుట కనిపించే నవ్వుకు కట్టారు కాబట్టే ఆమెకు రాలేదు. టిప్పు న్యాయం ఎంతో అక్కడే తేలిపోయింది.

ఇప్పుడు ఆ టేబుళ్ళ మధ్య అస్సాం, బెంగాల్, బీహార్ల నుంచి వచ్చిన పిల్లలూ తిరుగుతున్నారు. ఫోనుతో బిల్లు కడితే పైసాతో సహా సరిపోతుంది, చిల్లర మిగలదు. సర్వీస్ చార్జీ బిల్లులో బలవంతంగా కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తినేవాడి హక్కు తేలింది. మంచిదే. మరి వడ్డించేవాడి హక్కు?

టిప్పు ఇవ్వొద్దని మేం అనం. ఈరోజు మీరు మానేస్తే ఈ రాత్రి ఎవరి ఇంట్లో పొయ్యి వెలగదో మాకు తెలుసు. ఇవ్వండి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. నిండు జీతం అందినవాడికిచ్చే పది రూపాయలు స్నేహం. అందనివాడికిచ్చే పది రూపాయలు సేఠ్ పడ్డ బాకీలో మీరు కడుతున్న వాయిదా. దాన్ని దయ అనుకోకండి. దానికి సలాం ఆశించకండి. ఇచ్చేముందు ఆ మనిషి పేరడగండి. జీతమెంతో కూడా అడగండి. అతను చెప్పడానికి జంకితే, గల్లా దగ్గరికెళ్ళి సేఠ్‌నే అడగండి.