ఆఖరి కంచం

గోడ గడియారం తప్పు నడిస్తే కొట్టుకి పంపి బాగు చేయిస్తాం. ఒంట్లో గడియారం తప్పితే మాత్రం "గ్యాస్ ట్రబులు" అనుకుని సోడా తాగి ఊరుకుంటాం.

ఒంట్లో గడియారమేమిటని నవ్వకండి. పండ్ల మీద ముసిరే ఈగల్లో అదెలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లకి 2017లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మెదడులోని పెద్ద గడియారం వెలుగుని చూసి నడుస్తుంది. కాలేయం వగైరాల్లోని చిన్న గడియారాలు మనం తినే వేళని బట్టి కూడా సర్దుకుంటాయి. పొద్దుపోయాక ఇన్సులిన్ పొద్దుటంత చురుగ్గా పనిచెయ్యదు. అందుకే పగలు తిన్న అన్నమే రాత్రి పదిన్నరకి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. అదే బియ్యం, అదే పప్పు. వేళ ఒక్కటే వేరు.

"రాత్రిళ్ళు పెందరాళే భోంచెయ్యండి" అని డాక్టరుగారు సులువుగా చెప్పేస్తారు. ఎవరికి చెబుతున్నట్టు? పిల్లలకి పెట్టి, మామగారికి మెత్తగా రొట్టెలు చేసి, ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కాచుక్కూచుని, వడ్డించి, అప్పుడు తన కంచం తీసుకునే ఇల్లాలికా? ఆవిడ ఆకలి వేళ ఆవిడ చేతిలో ఉందా?

ఇల్లాలు ఆఖర్న తినడం మన ధర్మమంటారు. స్త్రీల మీద ఏమంత దయ చూపని మనుస్మృతిలోనే, మూడో అధ్యాయంలో ఏముందో చూడండి. కొత్తగా పెళ్ళయిన ఆడవాళ్ళకీ, కన్నెపిల్లలకీ, రోగులకీ, గర్భిణులకీ అతిథుల కంటే ముందే పెట్టమంది. అందరూ తిన్నాక మిగిలింది తినవలసింది దంపతులట. అంటే ఇద్దరూనన్నమాట! అందులో ఒకరు ఎప్పుడు లేచొచ్చి ముందు పీట మీద కూచున్నారో గాని, మనదాకా వచ్చేసరికి ఆచారం సగమే మిగిలింది.

కాచుక్కూచోవడంలో ప్రేమ లేదనను. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడో, చుట్టాలు దిగినప్పుడో ఓ పూట ఆలస్యంగా తినడం గొప్పే. కాని ఏళ్ళ తరబడి రోజూ ఆకలి చంపుకుంటే ఎవరికి లాభం? ఆవిడ పదిన్నరదాకా మాడినందుకు ఆయన కూరకి రుచేమైనా పెరిగిందా? పైగా ఆడవాళ్ళ ఆకలి ఆగుతుందని పక్కన చూస్తున్న ఆడపిల్ల నేర్చుకుంటోంది. ఆగనక్కర్లేదని మగపిల్లాడు నేర్చుకుంటున్నాడు.

ఎనిమిదింటికి పిల్లలతోపాటే కూచుని తినెయ్యండి. ఆయనొచ్చాక పక్కన కూచుని కబుర్లు చెప్పండి. కబుర్లకి మాత్రం ఏ వేళైనా ఫరవాలేదు.